ఇరవై ఐదు మార్కుల చెరువు

మొన్నామధ్య ఊరెళ్ళినప్పుడు మా మేనల్లుడు ఫోను పట్టుకుని పక్కకొచ్చి కూర్చున్నాడు. గుంటూరులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. "మావయ్యా, ఈవీఎస్ ఫీల్డు వర్కు రిపోర్టు ఇది. ఒక్కసారి చూసిపెట్టవా, ఎల్లుండి సబ్మిట్ చెయ్యాలి" అన్నాడు. పన్నెండు పేజీలు. టైటిలు "స్థానిక చెరువు: ఒక పర్యావరణ అధ్యయనం". అందులో తామరపూలున్నాయి, కప్పలున్నాయి, కొంగలున్నాయి, ఆహారపు గొలుసు బొమ్మ ఉంది, చివర్లో "మనమందరం చెట్లు నాటాలి" అని కూడా ఉంది. లేనిదల్లా ఒక్కటే, చెరువు పేరు!

"ఏ చెరువురా ఇది?" అన్నాను.

"ఏ చెరువూ కాదు మావయ్యా. ఏఐని అడిగితే రాసిచ్చింది."

తిడదామని నోరు తెరిచి ఆగిపోయాను. ఎందుకంటే ఇంజనీరింగులో నేను చేసిందీ ఇదే. 2005లో మాకు ఈ సబ్జెక్టు కొత్తగా వచ్చింది. పరీక్షకి రెండ్రోజుల ముందు ఆల్-ఇన్-వన్, రికార్డుకి సీనియర్ దగ్గర పాత కాపీ. ఆ సీనియర్ వాళ్ళ ఊరి చెరువు గురించి రాశాడు. నేను రాత్రికి రాత్రి మక్కీకి మక్కీ దించేశాను. "మా ఇంటి వెనక ఉన్న ఈ చెరువు" అనే వాక్యంతో సహా! మా ఇల్లు నరసరావుపేటలో, ఆ చెరువేమో ఇంకో జిల్లాలో. ఇరవై ఐదుకి ఇరవై మూడు వేశారు. ఆ చెరువుని నేను ఈ రోజుకీ చూడలేదు. కాబట్టి వాడిని తిట్టే హక్కు నాకు లేదు. నాకు సీనియర్ ఉన్నాడు, వాడికి ఏఐ ఉంది, అంతే తేడా.

కానీ ఆ రాత్రి నాకో అనుమానం పట్టుకుంది. ఇన్ని లక్షలమంది ఇన్నేళ్ళుగా చదివిన సబ్జెక్టు ఒక్కరికీ ఎందుకు గుర్తుండదు? సి లాంగ్వేజి గుర్తుంది, డీబీఎంఎస్ గుర్తుంది, ఆఖరికి ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో ఐసోమెట్రిక్ వ్యూ కూడా లీలగా గుర్తుంది. ఈవీఎస్ మాత్రం పరీక్ష హాలు గుమ్మం దాటగానే ఆవిరైపోయింది. తప్పు సిలబస్‌దా అని వెతికి చూశాను. ఆశ్చర్యం, సిలబస్ చాలా బావుంది!

కథ కొంచెం వెనక్కెళ్ళి చెప్పాలి. ఎం.సి. మెహతా అనే లాయరు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఒక తీర్పిచ్చింది. సినిమా హాళ్ళలో ప్రతి ఆటకీ పర్యావరణం మీద స్లైడ్లు ఉచితంగా వెయ్యాలి, టీవీ రేడియోల్లో కార్యక్రమాలు రావాలి, స్కూళ్ళలో కాలేజీల్లో దీన్నొక తప్పనిసరి సబ్జెక్టు చెయ్యాలి. స్లైడ్ల సంగతి సరే, చదువు సంగతి మాత్రం ఏళ్ళ తరబడి నాన్చుతూ వచ్చారు. 2003లో కోర్టు మళ్ళీ గట్టిగా పట్టుకుంటే అప్పటికి యూజీసీ ఆర్నెల్ల కోర్సొకటి తయారుచేసి అన్ని డిగ్రీలకీ తప్పనిసరి చేసింది. ఎరాక్ భరూచా చేత దానికో పాఠ్యపుస్తకం కూడా రాయించింది. మనలో 2004 తర్వాత డిగ్రీ చదివినవాళ్ళందరూ ఆ కోర్సు తాలూకు బాధితులమే :)

ఆ కోర్సులో యాభై క్లాసులు. ఎనిమిది యూనిట్లు: సహజ వనరులు, జీవావరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, సామాజిక సమస్యలు, జనాభా వగైరా. ఎనిమిదో యూనిట్ మొత్తం ఫీల్డు వర్కే. మీ దగ్గర్లో ఉన్న నదో, అడవో, కొండో చూసి అక్కడేముందో రాయండి. మీ దగ్గర్లో కలుషితమైన చోటొకటి చూసి రాయండి. మామూలుగా కనిపించే మొక్కలు, పురుగులు, పక్షులు గుర్తుపట్టండి. ఒక చెరువో కొండవాలో తీసుకుని అది ఎలా పనిచేస్తుందో చూడండి. వందలో ఇరవై ఐదు మార్కులు దీనికే. అంటే ఆ సిలబస్ రాసినవాళ్ళు స్పష్టంగా చెప్పారు, బయటికెళ్ళి చూడకపోతే ఈ సబ్జెక్టు రాదూ అని. మనం ఆ ఇరవై ఐదు మార్కుల్నీ జిరాక్సు సెంటరుకి అప్పజెప్పాం.

సరే, మర్నాడు పొద్దున్నే వాణ్ణి బండెక్కించుకుని కొండవీడు బయల్దేరాను. "చెరువు కావాలి కదా, చూపిస్తా పద" అన్నాను. వాడి మొహం చూడాలి! ఆదివారం ఐదున్నరకి లేపినందుకు అక్క కూడా నావైపు అదోలా చూసింది.

కొండవీడు మనవాళ్ళకి రెడ్డిరాజుల కోటగానే తెలుసు. పద్నాలుగో శతాబ్దంలో అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి ఇక్కడికి మార్చాడు. పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారిగా చేసింది ఇక్కడే. ఇదంతా చరిత్ర పుస్తకం సంగతి. నేను వాడికి చూపిద్దామనుకున్నది వేరే. కొండపైన చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు, మొత్తం మూడు. ఇప్పుడు ఘాట్ రోడ్డు వేశారు కాబట్టి బండి మీదే పైకి వెళ్ళిపోవచ్చు.

వాణ్ణి చెరువు గట్టు మీద కూర్చోబెట్టి ఒక్కటే ప్రశ్న అడిగాను. "ఇక్కడ ఏరు లేదు, కాలవ లేదు, మోటారు లేదు. మరి ఈ నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయి?"

"వర్షం" అన్నాడు.

"మన ఊళ్ళోనూ వర్షం పడుతుంది కదా. మరి వేసవిలో ట్యాంకరెందుకొస్తుంది?"

కాసేపు చుట్టూ చూశాడు. ఏ వాలు ఎటు పోతుందో, పడిన చినుకు ఎక్కడికి చేరుతుందో చూపుడు వేలితో గీసుకుంటూ లెక్కేసుకున్నాడు. "చుట్టూ ఎత్తుంది, ఇది పల్లం. ఇటుపక్క గట్టు వేసి ఆపారు" అన్నాడు. అదిగో, సిలబస్‌లో "వాటర్‌షెడ్ మేనేజ్‌మెంట్" అని ఐదు మార్కుల ప్రశ్న ఒకటుంటుంది. నేను దాన్ని నిర్వచనంతో సహా బట్టీపట్టి రాశాను. వీడు పది నిమిషాల్లో కళ్ళతో చూశాడు.

తర్వాత కోటని ముట్టడించడం అంటే ఏంటో మాట్లాడుకున్నాం. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల చేతుల్లోంచి ఈ కోటని తీసుకోవడానికి ముట్టడే వెయ్యాల్సొచ్చింది. పైనున్నవాళ్ళకి కిందనుంచి ఏదీ రాదు. ఉన్న నీళ్ళెన్ని, ఉన్న నోళ్ళెన్ని, ఎన్నాళ్ళొస్తాయి? కెపాసిటీ ప్లానింగ్ అంటే ఇదే కదండీ! మనం సర్వర్లకి చేస్తున్నాం, వాళ్ళు చెరువులకి చేశారు. లెక్క తప్పితే మనకి ఎస్కలేషన్ మెయిల్ వస్తుంది, వాళ్ళకి కోట పోతుంది.

దిగేటప్పుడు వాలంతా సీతాఫలం చెట్లు. వాడికి గుర్తుపట్టగలిగిన చెట్టు అదొక్కటే, పండు తిన్నాడు కాబట్టి. నాకు ఇంకో రెండు తెలుసు. డిగ్రీ, ఇంజనీరింగు కలిపి మా ఇద్దరి చదువుకీ మూడు చెట్లు! మేకలు కాస్తున్న ఒక పెద్దాయన్ని అడిగితే నిలబడ్డ చోటు నుంచే పదో పన్నెండో పేర్లు చెప్పాడు, ఏది మేక తింటుందో ఏది ముట్టదో కూడా చెప్పాడు. మావాడు ఫోను తీసి రికార్డు చేసుకున్నాడు. ఎవరూ చెప్పకుండా వాడంతట వాడు చేసిన మొదటి పని అది.

ఇంతవరకూ పిక్నిక్. అసలు పాఠం కొండ కింద ఉంది.

యడ్లపాడు మండలం కొండవీడు దగ్గర చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటుంది. 2022 మార్చిలో ప్రారంభించారు. అప్పటికి అది గుంటూరు జిల్లా, ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక పల్నాడు. ప్రారంభించినప్పుడు పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం రోజుకి 1,600 టన్నుల చెత్త, 15 మెగావాట్ల కరెంటు. విజయవాడ, గుంటూరు నగరాలవీ, చుట్టుపక్కల తెనాలి, చిలకలూరిపేట, నరసరావుపేట లాంటి మునిసిపాలిటీలవీ దీనికి రావాలని ఏర్పాటు. మేం లోపలికి వెళ్ళలేదు, రోడ్డు మీదే ఆగాం. వల కప్పుకుని ఒక చెత్త లారీ మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళింది.

"మావయ్యా, ఇందులో మా ఇంటిది కూడా ఉంటుందా?" అన్నాడు వాడు.

అక్కావాళ్ళుండేది గుంటూరు. ఉండొచ్చు మరి. పద్దెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున బుట్ట గుమ్మం బయట పెడుతున్నారు. అదెక్కడికి పోతుందన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. ఎవరినో ఎందుకనాలి, హైదరాబాదులో నా చెత్త జవహర్‌నగర్ పోతుందని నేను తెలుసుకున్నది కూడా ఆ రాత్రి ఇంటికొచ్చాకే. నేను రోజూ పనిచేసే సిస్టంలో ఒక రిక్వెస్టు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోయిందో లాగుల్లో మిల్లీసెకండ్లతో సహా చెప్పగలను. నా చేతుల్లోంచి రోజూ పోయే రెండు కేజీల సంచీ ఎటు పోయిందో చెప్పలేకపోయాను.

అక్కడే రోడ్డు పక్క టీ తాగుతూ లెక్కేశాం. మనకి అలవాటైన పనే కదా. 15 మెగావాట్లు ఇరవై నాలుగ్గంటలూ నడిస్తే 3,60,000 యూనిట్లు. దాన్ని 1,600 టన్నులతో భాగిస్తే టన్నుకి 225 యూనిట్లు. నలుగురున్న ఇంట్లో మనిషికి అర కేజీ చొప్పున నెలకి 60 కేజీల చెత్త అనుకుందాం. అంటే నెలంతా పోగుచేసిన చెత్త తగలబెడితే వచ్చేది పదమూడున్నర యూనిట్లు. మా బెడ్రూంలో ఏసీ రెండు రాత్రులు! మావాడు "అంతేనా?" అన్నాడు. ఆ "అంతేనా" కోసమే నేను వాణ్ణి తీసుకొచ్చింది.

ఎందుకంత తక్కువ? మన చెత్తలో సగానికి సగం తడి. అన్నం, కూర, పళ్ళ తొక్కలు. కేజీ చెత్తలో అర కేజీ నీళ్ళుంటే ఆ నీళ్ళని ఆవిరి చెయ్యడానికే సుమారు 300 కిలోకేలరీలు ఖర్చు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లో ఒక మాట చెప్పారు. మళ్ళీ వాడటానికి పనికిరాని చెత్తలో కేజీకి 1,500 కిలోకేలరీలు, అంతకి పైన ఉష్ణశక్తి ఉంటే దాన్ని పూడ్చకూడదు, ఇంధనంగా వాడాలి. ఆ 1,500 గడపని దాటాలంటే చెత్త పొడిగా ఉండాలి. అంటే మనం సాంబారు మిగిలిందని ప్లాస్టిక్ కవర్‌తో సహా ఒకే బుట్టలో కుమ్మరించినప్పుడల్లా ఎక్కడో కొండ కింద బాయిలరు దగ్గర ఆ సాంబారుని మరగబెడుతున్నారన్నమాట! తడి వేరు, పొడి వేరు చెయ్యమని ఆ నిబంధనలే చెప్పాయి. మనం దాన్ని శుభ్రత గురించి చెప్పే నీతివాక్యం అనుకుంటాం. నిజానికది థర్మోడైనమిక్స్.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఆ ప్లాంటు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఊరి బయట గుట్టలుగా పోసి, అది తనంతట తానే అంటుకుని పొగలు కక్కుతూ ఉండటం కన్నా ఒక పద్ధతిలో కాల్చడం మేలే కావచ్చు. దాని మొదటి పని కరెంటు కాదు, గుట్టని తగ్గించడం. కానీ కాల్చాక బూడిద మిగులుతుంది, దానికీ ఒక చోటు కావాలి. పొగగొట్టానికి ఫిల్టర్లు కావాలి, వాటిని ఎవరో ఒకరు చూస్తూండాలి. ఇవన్నీ ఏ ఊరి పక్కన జరగాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఆ ఊరివాళ్ళు ప్రశ్నలడగాలంటే వాళ్ళకి ఏం తెలిసుండాలి? సిలబస్‌లో "సామాజిక సమస్యలు" అనే ఆరో యూనిట్ ఇదే. కొండ మీద నీటి బొట్టు బొట్టుకీ లెక్క చూసుకున్నవాళ్ళ చెరువులు, అదే కొండ కింద లెక్కాజమా లేకుండా పారేసేవాళ్ళ చెత్త. ఎనిమిది యూనిట్లూ ఒక్క పూటలో, పెట్రోలు ఖర్చుతో అయిపోయాయి.

అందుకే నా అభిప్రాయం ఇది. ఈవీఎస్ చెడిపోయింది సిలబస్ వల్ల కాదు, అడ్రసు లేకపోవడం వల్ల. "ఒక చెరువు", "ఒక అడవి", "ఒక నగరం" అని చెప్తే అది బట్టీకి తప్ప దేనికీ పనికిరాదు. ముత్యాలమ్మ చెరువు అనగానే అది చదువవుతుంది. భౌతికశాస్త్రం ఎక్కడ చదివినా ఒకటే. ఈ సబ్జెక్టు మాత్రం గుంటూరులో ఒకలా, శ్రీకాకుళంలో ఒకలా, ఆదిలాబాదులో ఒకలా ఉండాలి. అలా లేనంతకాలం దీన్ని జిరాక్సు రాస్తుంది, ఇప్పుడు ఏఐ రాస్తుంది.

లెక్చరర్ల వైపు నుంచి కూడా చెప్పాలి. చాలా కాలేజీల్లో ఈ సబ్జెక్టుకి ప్రత్యేకంగా మనిషి ఉండరు. ఎవరికి వర్కులోడు తగ్గితే వాళ్ళ నెత్తిన పెడతారు. క్లాసుకి అరవైమంది, బస్సుకి డబ్బుల్లేవు, ఆడపిల్లల్ని పంపడానికి ఇళ్ళల్లో ఒప్పుకోరు, ఏదైనా జరిగితే జవాబుదారీ ఆయనే. పైగా ఏఐసీటీఈ 2018 మోడల్ కరికులంలో ఇంజనీరింగు పిల్లలకి దీన్ని తప్పనిసరి చేసింది గానీ క్రెడిట్లు లేని కోర్సుగా పెట్టింది. క్రెడిట్లు లేవంటే పిల్లల లెక్కలో ఆ కోర్సే లేదు. 2023లో యూజీసీ కొత్త ఫ్రేమ్‌వర్కు ఇచ్చింది, అందులోనూ క్షేత్ర పని గురించి మంచి మాటలే ఉన్నాయి. 2004లోనూ మంచి మాటలే ఉన్నాయి కదా.

బస్సు అక్కర్లేకుండా ఒక పద్ధతి చెప్తాను. ప్రతి విద్యార్థీ తన సొంత ఇంటి గురించి మూడు ప్రశ్నలకి జవాబు కనుక్కురావాలి. ఒకటి, మీ కుళాయిలో నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? రెండు, మీ చెత్త, మీ మురుగు చివరికి ఎక్కడ తేలుతున్నాయి? మూడు, మీ ఇల్లు కట్టకముందు ఆ జాగాలో ఏముండేది? ప్రతి దానికీ ఇద్దరు మనుషులతో మాట్లాడి ఉండాలి, వాళ్ళు చెప్పింది రాయాలి. రాతపరీక్ష లేదు. పక్కవాడి దాంట్లోంచి కాపీ కొట్టలేరు, ఇల్లు వేరు కాబట్టి. ఏఐని అడిగినా వాళ్ళింటి బుట్ట సంగతి దానికి తెలీదు.

తమాషా ఏంటంటే ఈ మూడు ప్రశ్నలూ మనలో చాలామందిమి ఫెయిలవుతాం. హైదరాబాదుకి వచ్చే కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ జలాశయం నుంచి తోడినవే. అదే సాగర్ నుంచి 1967లో కాలవల్లోకి నీళ్ళు వదిలాక మా పల్నాడు బతుకే మారింది. మా నాన్న పొలానికి పారే నీళ్ళూ, నేను మీటింగుల మధ్య తాగే నీళ్ళూ ఒకే చోటువని నాకు నలభయ్యో ఏట తట్టింది. వానల్లేని ఏడాది ఆ రెండిట్లో ఏది ముందు అని ఎవరో ఎక్కడో నిర్ణయిస్తారు. అప్పుడు నేను ఎటు వైపు?

మనం కంపెనీల్లో సీఎస్‌ఆర్ పేరుతో ఏడాదికోసారి మొక్కలు నాటి టీషర్టులతో ఫోటోలు దిగుతాం. దాని బదులు మనం చదివిన కాలేజీకి ఒక్క శనివారం వెళ్ళి ఆ ఈవీఎస్ లెక్చరరుకి సాయం చేస్తే? మ్యాపు గియ్యడం, డేటా పోగెయ్యడం, లెక్క కట్టడం మనకి వచ్చిన పనులే. అరవైమంది పిల్లలు వాళ్ళ వీధి చెత్త ఎటు పోతుందో కనుక్కుని ఒక మ్యాపు మీద పెడితే ఆ ఊరి మునిసిపాలిటీకి కూడా పనికొస్తుంది.

ఇంతకీ మావాడి సంగతి. ఏఐ రిపోర్టు పక్కనపెట్టి చేత్తో నాలుగు పేజీలు రాశాడు. ముత్యాలమ్మ చెరువు గట్టు బొమ్మ, పెద్దాయన చెప్పిన చెట్ల పేర్లు, మేక తినేవి తిననివి పట్టిక, చివర మా టీకొట్టు లెక్క. ఇంట్రడక్షన్ లేదు, "చెట్లు నాటాలి" అన్న ముగింపూ లేదు. పద్దెనిమిది మార్కులొచ్చాయి. పన్నెండు పేజీల ఏఐ చెరువు ఇచ్చిన వాడి ఫ్రెండుకి ఇరవై మూడు. సరిగ్గా ఇరవై ఏళ్ళ కిందట నాకొచ్చినన్నే!

ఫోన్ చేసి చెప్పినప్పుడు వాడి గొంతులో కోపముంది. "నీ మాట విన్నందుకు ఐదు మార్కులు పోయాయి మావయ్యా" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. కాసేపాగి వాడే అన్నాడు, "అమ్మ రెండో బుట్ట కొంది. తడిది వేరేగా పెడుతోంది. కానీ లారీ వాడు రెండూ ఒకదాంట్లోనే పోసేస్తున్నాడు. ఎవర్నడగాలి?"

ఈ ప్రశ్న ఏ గైడులోనూ లేదు. ఆ వార్డుకి ఎవరు బాధ్యులో కనుక్కుందాం రా అని చెప్పాను. మీకు తెలిస్తే మీరూ చెప్పండి.